నేర్చుకునే దినం, పని చేసే దినం

ఇంజనీరింగ్ చివరి సెమిస్టర్‌లో కాలేజీకి రానక్కర్లేదు, ఎక్కడో ఒకచోట ఇంటర్న్‌షిప్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలు అన్నారు. క్లాసులో చాలామంది చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. 'ఎక్కడో ఒకచోట' అనే మాట తెలిసినవాళ్లు ఉన్నవాళ్లకు తేలిక. మాది పాన్‌గల్ మండలంలో ఒక పల్లె. మా అమ్మ కూలికి పోతుంది. మా నాయన పుణె, ముంబై వైపు పోయి భవనాల పని చేసి, నడుము పట్టేశాక ఇంటికి తిరిగొచ్చి, ఉన్న కాస్త చేను చూసుకుంటున్నాడు. ఆయన ఎన్నో కంపెనీల గోడలు కట్టాడు. కట్టడం పూర్తయిన మర్నాటి నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ ఆయనను లోపలికి రానిచ్చేవాడు కాదట. అలాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్ల ఏ కంపెనీ తలుపు తట్టాలి?

చివరికి రెండు దారులు దొరికాయి. ఒకటి కాలేజీ ద్వారా వచ్చింది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు. వేరే దేశపు ఊళ్ల కరెంటు లైన్ల పటాలను కంప్యూటర్ మీద సరిచూడటం పని. వాళ్లిచ్చే స్టైపెండ్‌తో హాస్టల్ ఖర్చు పోను ఇంటికి కూడా కొంత పంపొచ్చు. రెండోది నేనే వెతుక్కున్నాను. నాగర్‌కర్నూల్‌లో మా మేనత్త ఇంటికి పోతూ, బస్సు కిటికీలోంచి ఒక బోర్డు చూశాను. సోలార్ పంపులు బిగించి, మరమ్మతు చేసే చిన్న సంస్థ. అత్త ఇంట్లో చాయ్ తాగి, ధైర్యం తెచ్చుకుని అక్కడికి నడిచాను.

లోపల ఒక టేబుల్, గోడకు ఆనించిన ప్యానెళ్లు, నేల మీద విప్పేసిన మోటార్లు ఉన్నాయి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఒక పెద్దాయన కేబుల్ కొలుస్తున్నాడు. ఆయనే ఓనరు, ఆయనే ఇంజనీరు. నేను వచ్చిన పని చెప్పాను.

"ఇంజనీరింగ్ పిల్లలను పెట్టుకునేంత తాహతు నాకు లేదమ్మా," అన్నాడు. "బిల్లులు ఎప్పుడొస్తయో తెల్వదు. బస్సు చార్జీలు, పగటికి తిండి, పైన జర ఏదో ఇయ్యగల్గుత. గంతే."

"పని నేర్పిస్తరా సార్?"

ఆయన కేబుల్ కింద పెట్టి నా వైపు చూశాడు. "ఆఫీసుల కూసోబెట్ట. పంపు దగ్గర నిలబెడుత. అది మాత్రం చెప్పగల్గుత."

ఆ మాట నన్ను పట్టేసింది. ఎందుకో చెప్పాలి. మా కాలేజీ ల్యాబులో బ్యాచ్ మొత్తానికి ఒకటే మోటారు. ముందు నిలబడ్డ అబ్బాయిలు వైర్లు కలిపేవాళ్లు. ఆడపిల్లలం వెనక నిలబడి రీడింగులు రాసుకునేవాళ్లం. మా రాత బాగుంటుందని సారు మెచ్చుకునేవాడు కూడా. అలా ఏళ్లు గడిచిపోయాయి. ఎలక్ట్రికల్ చదివిన నేను ఒక్క మోటారు మూత కూడా నా చేత్తో విప్పలేదు.

ఆ ఆదివారం గద్వాలలో నా స్నేహితురాలి ఇంటికి పోయాను. హాస్టల్‌లో నా పక్క మంచం తనదే. హైదరాబాద్ ఆఫీసులో తనకూ చోటు దొరికింది. వాళ్లది నేత ఇల్లు. ముందు గదినంతా మగ్గమే ఆక్రమించింది. వాళ్ల నాన్న మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, పక్కన వాళ్లమ్మ నూలు కండెలు చుడుతోంది. మేమిద్దరం వెనక వాకిట్లో కూర్చున్నాం.

"నువ్వేమన్న పిచ్చిదానివానే?" అంది. "గింత దగ్గరికొచ్చిన పైసలు వదులుకొని ఎండల తిరుగుతనంటవ్. అనుభవం తింటమా?"

"పటాలు చూసుడు నేర్చుకొని నేనేం జేయాలె?"

"అది గూడ పనే కదనే. నాకైతే ఆలోచన లేదు. మా నాయన ఒక చీర దించినంక ఇంకో చీర ఎక్కేదాంక పైసల్లేక ఇంట్ల ఎట్లుంటదో నాకు తెల్సు. నేను పోత."

ఆమె మాటలో తప్పు లేదు. ఆ రోజు ఆమె నన్ను ఒప్పించలేదు, నేను ఆమెను ఒప్పించలేదు. వాళ్లమ్మ పెట్టిన అన్నం తిని, హాస్టల్‌కు పోవడానికి వనపర్తి బస్సెక్కాను. దారి పొడుగునా ఒకసారి హైదరాబాద్, ఒకసారి నాగర్‌కర్నూల్ అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు ఇంటికి పోయి విషయం చెప్పాను. అమ్మ ముందు అడిగింది ఎక్కడ ఉంటావని. అత్త ఇంట్లో అన్నాక ఆమె మనసు నిమ్మళించింది. నాయనకు చేను దగ్గరికి పోయి చెప్పాను. చేను గట్టు మీద కూర్చుని, గడ్డిపరక విరుస్తూ విన్నాడు.

"అనుభవం అనే మాట నేను శాన యిన్న బిడ్డా," అన్నాడు ఆఖరికి. "పుణెల నన్ను హెల్పర్ కింద పెట్టుకున్నరు. పని నేర్చుకో, తర్వాత మేస్త్రీ కూలి ఇస్తమన్నరు. నేర్చుకున్న. మేస్త్రీ పని నేనే చేసిన. కూలి మాత్రం హెల్పర్‌దే ఇచ్చిన్రు. ఎన్ని దినాలు జేసినా ఇంకా నేర్చుకుంటున్నవ్ అనేటోళ్లు."

"అయితే వద్దంటవా నాయినా?"

"వద్దంటలే. నేర్చుకునే దినం వేరే, పని చేసే దినం వేరే. నేర్చుకునే దినానికి తక్కువ తీస్కో, తప్పు లేదు. ఆ సార్ గూడ తన టైం ఇస్తుండు గద. కానీ ఒక దినం వస్తది, నువ్వు ఒక్కదానివే పోయి పని జేసుకొని వస్తవ్. ఆ దినం నోరు తెరువాలె. నేను తెరువలే. భయపడ్డ."

మా నాయన తన గురించి అలా చెప్పడం నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఆయన లేచి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, చేలోకి నడిచాడు. నేను నాగర్‌కర్నూల్ పోవాలని అక్కడే అనుకున్నాను.

పోయాక మొదటి వారాలు నా నిర్ణయాన్ని నేనే తిట్టుకున్నాను. సంస్థలో ఓనరు సార్, ఒక మెకానిక్, ట్రాలీ ఆటో నడిపే అన్న ఉండేవాళ్లు. నాకు ఇచ్చిన పని ఫొటోలు తీయడం. పంపు బిగించిన ప్రతి చేను దగ్గర రైతును ప్యానెల్ పక్కన నిలబెట్టి ఫోన్‌తో ఫొటో తీయాలి, దాన్ని ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. అది ఎక్కితేనే సర్కారు నుంచి బిల్లు కదులుతుంది. సిగ్నల్ లేని చోట ఫోన్ పైకెత్తి గట్ల మీద తిరిగేదాన్ని. ఆటో దిగగానే రైతులు నా వెనక చూసి, "ఇంజనీరు ఏడున్నడు?" అని అడిగేవాళ్లు. నేనే అని చెప్పడానికి నోరు వచ్చేది కాదు. ఫోన్ పట్టుకున్నదాన్ని ఏమని చెప్పను?

ఆ రోజుల్లోనే నా స్నేహితురాలు మొదటి స్టైపెండ్‌తో వాళ్లమ్మకు మిక్సీ కొని ఫొటో పంపింది. ఫొటోలో వాళ్లమ్మ మిక్సీని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని నవ్వుతోంది. సంతోషమేసింది. ఆ వెంటనే కడుపులో మంట లేచింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. 'వంటలో ఉప్పు ఎక్కువైందా' అని అత్త అడిగింది.

పొద్దున్నే సార్ దగ్గరికి పోయి నిలబడ్డాను. "సార్, పంపు దగ్గర నిలబెడుత అన్నరు. నిలబెట్టిన్రు. ఫోన్ పట్టుకొని నిలబడుతున్న."

సార్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూసి, గట్టిగా నవ్వేశాడు. "నిజమే. ఫొటోలు మంచిగ ఎక్కుతున్నయని నేను గూడ ఊకున్న," అన్నాడు. డ్రాయర్ లాగి ఒక టెస్టర్, ఒక మీటర్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఫొటోలు పని అయినంక తియ్యి. ముంగట పని చూడు."

ఆ రోజు నుంచి నా చదువు మొదలైందనాలి. సార్ ఓపికగా చెప్పేవాడు, కానీ రెండోసారి చెప్పేవాడు కాదు. ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు ఎంత ప్రమాదమో, స్విచ్ కట్టేశాక కూడా కంట్రోలర్ పెట్టెలో కాసేపు ఎలా నిలిచి ఉంటుందో చూపించాడు. ఒక చెట్టు కొమ్మ నీడ ఒక్క ప్యానెల్ మీద పడితే మొత్తం వరుస ఎలా నీరసించిపోతుందో ఒక చేనులో కొమ్మను చేత్తో పక్కకు వంచి మీటర్‌లో చూపించాడు. అంకె గబగబా పైకి ఎక్కుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. పుస్తకంలో అదే విషయానికి నేను బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. అప్పుడు ఏమీ అనిపించలేదు.

చేతులకు గీతలు పడ్డాయి. ముఖం నల్లబడింది. ఇంటికి పోయినప్పుడు అమ్మ నా చేతులు చూసి, "చదువుకున్నదానివి గిట్లయితివేందే," అంది. నాయన నా చేతిని తిప్పి చూసి వదిలేశాడు.

ఎండలు ముదిరాక ఒక రోజు సార్ బిల్లుల పని మీద హైదరాబాద్ పోయాడు. మెకానిక్‌కు జ్వరం. అచ్చంపేట దాటి నల్లమల అంచున ఉన్న ఒక పెంట, అంటే చెంచుల గూడెం, వాళ్లు అచ్చంపేట దాకా వచ్చి ఫోన్ చేశారు. పెంటలో ఉన్నవి కొద్ది ఇళ్లే. అందరికీ ఒకటే బోరు. ఆ మధ్య మోటారు పైకి తీసి బాగుచేసి దింపిన దగ్గర్నుంచి నీళ్లు సన్నగా వస్తున్నాయట. బోరు ఎండిపోయిందని అందరూ అనుకున్నారు. ఇప్పుడు తాగడానికి కూడా సరిపోవడం లేదన్నారు. సార్‌కు ఫోన్ చేస్తే, "ఆటో అన్నను తీస్కొని పోయి ఒకసారి చూసిరా. నీతోటి కాకపోతే రేపు నేనే పోత," అన్నాడు.

అక్కడికి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. కుళాయి కింద బిందెల వరుస. పైపులోంచి చిటికెన వేలంత ధార. వరుసలో ముందున్న ముసలావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వేనా బిడ్డా వచ్చింది?" అంది. ఈసారి నోరు వచ్చింది. "నేనే అవ్వా," అన్నాను.

ప్యానెళ్లు తుడిచాను. తేడా లేదు. మీటర్ పెట్టి చూశాను, రావలసినంత కరెంటు వస్తోంది. బోరు మీద చెవి పెట్టి విన్నాను, మోటారు తిరుగుతోంది. అన్నీ బాగున్నాయి, నీళ్లు మాత్రం లేవు. బోరు నిజంగానే ఎండిపోయిందేమో అని వెనక్కి తిరిగిపోదామనుకున్నాను. అప్పుడు పరీక్షల్లో తరచూ వచ్చే చిన్న ప్రశ్న ఒకటి గుర్తొచ్చింది: మూడు ఫేజుల మోటారు తిరిగే దిక్కు మార్చాలంటే ఏం చేయాలి? మూడు వైర్లలో ఏవైనా రెండింటిని అటుదిటు మార్చాలి. బాగుచేసి దింపినప్పుడు వైర్లు తారుమారై ఉంటే మోటారు ఎదురు తిరుగుతూ ఉంటుంది. ఎదురు తిరిగే పంపు కూడా కొంచెం నీళ్లు తోస్తుంది, సన్నగా.

సార్‌ను అడుగుదామంటే సిగ్నల్ లేదు. ఆటో అన్న ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కి చూసి, లేదన్నట్టు చెయ్యూపుతూ దిగివచ్చాడు. నేను లోపల లెక్క వేసుకున్నాను. నా ఊహ తప్పైనా మోటారుకు పోయేదేమీ లేదు. వైర్లు మళ్లీ ఎప్పటిలా బిగించేయొచ్చు. స్విచ్ కట్టేసి, కంట్రోలర్ పెట్టె మీద దీపం పూర్తిగా ఆరిపోయే దాకా ఆగి, మీటర్‌తో చూసుకుని, స్క్రూలు వదులు చేశాను. రెండు వైర్లు మార్చి బిగించాను. చేతులు చెమటకు జారుతున్నాయి.

స్విచ్ వేశాను. పైపు దగ్గింది. కాసేపు గాలి వచ్చింది, ఎర్రటి బురద నీళ్లు వచ్చాయి. తర్వాత ధార ఒక్కసారిగా లావై, కింద పెట్టిన ఖాళీ బిందెను దొర్లించేసింది. ఎవరో కేక పెట్టారు. ముసలావిడ దోసిలి పట్టి ముఖం కడుక్కుని, మిగిలిన నీళ్లు నా మీద చల్లింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

తినకుండా పోనివ్వలేదు. ఇంటి నీడన కూర్చోబెట్టి జొన్నరొట్టె, మిరప్పండ్ల తొక్కు పెట్టింది ఆ అవ్వ. నేను తింటుంటే అడిగింది. "ఎంతిస్తరు బిడ్డా నీకు?"

చెప్పాను.

"దినానికా?"

"నెలకు అవ్వా."

ఆమె చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది. "నెలకా! ఉపాధి పనికి రా నాతోటి. మట్టి ఎత్తినా గంతకంటె ఎక్కువనే పడ్తది," అంది. అందరూ నవ్వారు. ఆటో అన్న అయితే పొలమారేలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె వెక్కిరించలేదు, నిజంగానే పిలిచింది. తిరుగు దారిలో, ఆటో అచ్చంపేట దాటుతుండగా నా నవ్వు ఆగిపోయింది. నాయన చెప్పిన దినం వచ్చేసింది. నోరు తెరవడం ఒక్కటే మిగిలింది.

మర్నాడు సార్ చాలా సంతోషంగా ఉన్నాడు. వచ్చిన ప్రతివాడికీ నా గురించి చెబుతున్నాడు. ఆ పొగడ్తల మధ్య అడగడం ఇంకా కష్టమైంది. ఆయన నాకు నేర్పిన మనిషి. ఆయనకు బిల్లులు రావడం లేదని నాకు తెలుసు. అయినా పోయి అడిగాను.

"సార్, ఒక మాట. నేర్చుకునే దినానికి మీరిచ్చేది నాకు సరిపోతది. నిన్న నేను నేర్చుకోనికి పోలే. పని చేసొచ్చిన."

సార్ నవ్వు తగ్గింది. "పరిస్థితి నీకు తెల్సు కదమ్మా."

"తెల్సు సార్. అందుకే అన్ని దినాలకు అడుగుతలేను. నేనొక్కదాన్నే పోయొచ్చిన దినానికి అడుగుతున్న."

ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను మోటార్ల మధ్య కూర్చుని, రేపటి నుంచి రావద్దంటాడేమో, సర్టిఫికెట్ ఇవ్వడేమో అని పరేషాన్ అయ్యాను. అడగకుండా ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. మధ్యాహ్నం తిండి వేళకు సార్ తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"శాన ఆలోచించిన," అన్నాడు. "మెకానిక్ పోయుంటే అతనికి ఇచ్చేటోణ్ణే గద. నువ్వు పోతే ఎందుకియ్య? ఒక్కదానివే పోయిన పనికి అతనికిచ్చినట్టే ఇస్త. నాతోటి వచ్చిన దినానికి పాతదే. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. బయటికి పోయి నాయనకు ఫోన్ చేశాను. చేనులో ఉన్నట్టున్నాడు, గాలి హోరు వినిపిస్తోంది.

"అడిగినవా?"

"అడిగిన నాయినా."

"ఏమన్నడు?"

"ఇస్తనన్నడు."

"సరే," అన్నాడు. "తిన్నవా మరి?"

ఆ తర్వాత నెలల్లో నేను ఒంటరిగా పోయిన పనులు పెరిగాయి. సార్ మాట తప్పలేదు. ఒక్కోసారి ఆలస్యమయ్యేది, కానీ ఇచ్చేవాడు. అన్నీ కలిపినా నా స్నేహితురాలికి వచ్చినదానికి దరిదాపుల్లోకి రాలేదు. ఆ మాట దాచను. ఆమెను ఆ ఆఫీసు వాళ్లే ఉద్యోగంలోకి తీసుకున్నారు. సెలవుకు వచ్చినప్పుడు గద్వాలలో కలుసుకున్నాం. ఆమె కంప్యూటర్ మీద చేసి చూపించిన పని నాకు సగం అర్థం కాలేదు. నేను తక్కువ చేసి మాట్లాడిన 'పటాలు చూసుడు' వెనక అంత సంగతి ఉందని నాకు అప్పుడే తెలిసింది. "కండ్లు గుంజుతున్నయే," అంది. "నాకు కాళ్లు," అన్నాను. వాళ్లమ్మ మాకు చట్నీ రుబ్బింది, మిక్సీలోనే.

ఇంటర్న్‌షిప్ అయిపోయాక సార్ తన దగ్గరే ఉండమంటాడని అనుకున్నాను. ఆయన అలా అనలేదు. "నేనిచ్చే జీతంతో నీకు గడ్వదు," అని, వనపర్తిలో సోలార్ నిర్వహణ చూసే ఒక కంపెనీకి తానే ఫోన్ చేసి నా గురించి చెప్పాడు. అక్కడ ఇంటర్వ్యూలో మార్కుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒక పాడైన కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టి చూడమన్నారు. మూత విప్పి, మీటర్ పెట్టి, లోపం ఎక్కడుందో చూపించాను. ఉద్యోగం వచ్చింది. జీతం బాగానే ఉంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు పనులన్నీ ఇప్పుడు నేనే చూస్తున్నాను. స్కూటీ కొనుక్కున్నాను. నాయన నడుముకు మంచి దవాఖానలో చూపించాం. బరువు ఎత్తొద్దన్నారు. ఆయన వినడు, అది వేరే సంగతి.

ఈ మధ్య మా కాలేజీలో చదివే ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వనపర్తి ఆఫీసుకు వచ్చింది. తన ముందూ రెండు దారులున్నాయట, ఒకటి పైసలున్నది, ఒకటి పని ఉన్నది. ఏది పట్టుకోవాలో చెప్పమంది. నేను నా కథంతా చెప్పాను, ఫొటోలు తీసిన వారాలతో సహా. కడుపు మంట కూడా చెప్పాను. నాకు తలదాచుకోవడానికి అత్త ఇల్లు ఉండబట్టే ఆ తక్కువ జీతం భరించగలిగానని, అది అందరికీ ఉండదని కూడా చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, కాసేపు గోరు కొరుక్కుంది.

"అక్కా, మా ఇంట్ల ఇప్పుడు పైసలే కావాలె. నేను పైసలున్నదాన్కే పోత," అంది. నేను ఏమనుకుంటానో అని నా ముఖం వైపు చూసింది.

"పో," అన్నాను. "మంచిగ చెయ్యి. కానీ అక్కడ గూడ నీకు నేర్పిస్తమన్నది నేర్పిస్తలేరనుకో, ఊకోకు. పోయి అడుగు."

"అడిగితె ఏమన్న అనుకుంటరేమో అక్కా."

"అనుకుంటరు. నాకు గూడ అదే భయమయింది. అయినా అడుగు."

ఆ అమ్మాయి నవ్వి, బ్యాగు భుజాన వేసుకుని, హైదరాబాద్ బస్సు ఎన్నింటికని అడిగింది. నేను స్కూటీ తాళం తీసుకుని ఆమెను బస్టాండు దాకా దింపడానికి లేచాను.